మా అమ్మ ఏసీ, మా నాన్న టబ్బు

ఈ ఏప్రిల్‌లో ఒక ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసి, ఫోన్‌ను అటు తిప్పి పడకగది గోడ చూపించింది. గోడ మీద తళతళలాడుతూ కొత్త ఏసీ. నాన్న రిమోట్ పట్టుకుని పెళ్ళికొడుకులా నవ్వుతూ నిలబడ్డాడు. ఆ వారమే మా పెద్దమ్మాయి బడిలో ఎర్త్ డే ప్రాజెక్టు చేయించి ఉన్నాను. ఆ మత్తులో నోరు జారింది.

"ఇన్నేళ్ళు కూలర్‌తో గడిచింది కదమ్మా. అందరూ ఇట్లా ఏసీలు పెట్టుకుంటూ పోతే ఎండలు ఇంకా ముదరవా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "మీ నాయిన ముప్పై ఏడేండ్లు బాయిల బొగ్గు తవ్విండు బిడ్డా. ఇప్పుడు నేను జరంత చల్లగ పండుకుంటె తప్పాయెనా?"

అంతే. పొయ్యి మీద పాలున్నాయని ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రం మా ఫ్రిస్కో ఇంట్లో, డెబ్భై రెండు డిగ్రీల ఫారన్‌హీట్ చల్లదనంలో, చలికి శాలువా కప్పుకుని కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. మీలో చాలామందికి ఇలాంటి సిగ్గు ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. ఇక్కడి నుంచి అక్కడివాళ్ళకు సలహాలు చెప్పడం మనకు అలవాటైపోయింది.

సెలవులు ఇవ్వగానే పిల్లలిద్దరినీ తీసుకుని ఊరికి వెళ్ళాను. మా ఊరు గోదావరిఖని. పెద్దపల్లి జిల్లా, రామగుండం పక్కన. ఇంటికి వెళ్ళడం ఎప్పుడూ ఉండేదే. కానీ ఈసారి మా ఊరిని ఊరిలా కాకుండా ఒక లెక్కలా చూసి వచ్చాను. బీఎస్సీలో చదివిన కెమిస్ట్రీ పెళ్ళయిన పద్నాలుగేళ్ళకు ఇలా పనికొచ్చింది.

చిమ్నీల ఊరు

సికింద్రాబాద్‌లో రైలెక్కితే కాజీపేట మీదుగా నాలుగు గంటల ప్రయాణం. పెద్దపల్లి దాటాక కిటికీలోంచి దూరంగా చిమ్నీలు కనిపిస్తాయి. అవి కనిపిస్తే ఇల్లు వచ్చినట్టే. చిన్నప్పుడు రాత్రిపూట డాబా మీద పడుకుని వాటి మీద వెలిగి ఆరే ఎర్ర లైట్లను నేనూ తమ్ముడూ లెక్కపెట్టేవాళ్ళం. ఈసారి మా చిన్నోడు లెక్కపెట్టాడు. మా రోజులకంటే ఎక్కువే వచ్చాయి.

ఎందుకు పెరిగాయో చెప్తాను. ఎన్టీపీసీ రామగుండంలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఒక్కొక్కటే కలుస్తూ మొత్తం 2,600 మెగావాట్లయింది. ఇక్కడి కరెంటు తెలంగాణకే కాదు, దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ వెళ్తుంది. ఆ పక్కనే ఈ మధ్య మరో 1,600 మెగావాట్ల బొగ్గు ప్లాంటు వచ్చింది. అదే సమయంలో ఒక పాతది వెళ్ళిపోయింది. 1971లో మొదలైన 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం, మేము 'బీ పవర్ హౌస్' అనేది, 2024లో మూతపడింది. అర్ధ శతాబ్దం కింద 62.5 మెగావాట్లంటే గొప్ప. ఇవాళ అదే ఊళ్ళో ఒక్క కొత్త యూనిట్టే 800 మెగావాట్లు. దేశం ఎంత ఎదిగిందో చెప్పడానికి నాకు వేరే గ్రాఫు అక్కర్లేదు.

ఈ ప్లాంట్లకు బొగ్గు సింగరేణిది. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. 1886లో తవ్వకాలకు కంపెనీ పుట్టింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. గోదావరి పొడవునా కొత్తగూడెం నుంచి బెల్లంపల్లి దాకా మా ఊళ్ళన్నీ ఆ బొగ్గు మీదే పుట్టాయి, పెరిగాయి.

నాన్న 1981లో పనిలో చేరాడు. కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మసుతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. "ఇద్దరం కలిసి దినాం మూడు నాలుగు టబ్బులు నింపేది. బాయిలకు దిగినోడు మల్ల పైకొచ్చెదాకా ఇంట్ల అన్నం తినేది కాదు మీ నాయినమ్మ" అని చెప్తాడు. షిఫ్టు మారే సైరన్ మోగితే మా వాడకట్టు మొత్తం తలుపుల దగ్గర నిలబడేది. టోపీ లైటు పెట్టుకునే నుదుటి మీద తప్ప ముఖమంతా మసితో వచ్చేవాడు నాన్న. అమ్మ నీళ్ళు కాచి ఉంచేది. ఆ నీళ్ళు కాగేది కూడా బొగ్గు పొయ్యి మీదే.

మా నాన్న పుట్టిన పల్లెలో ఆయన చిన్నతనంలో కిరోసిన్ దీపం ఉండేది. మా క్వార్టర్‌లో బల్బు ఉండేది. ఆ బల్బు కింద నేను ఇంటర్, డిగ్రీ చదివాను. నాన్న జీతంతో ఫీజు కట్టాను. పెళ్ళయి అమెరికా వచ్చాను. 'ఆర్థికాభివృద్ధి' అని పేపర్లో చదివితే అదేదో ఢిల్లీ సంగతిలా ఉంటుంది కానీ, మా ఇంట్లో దాని వరుస ఇదీ: దీపం, బల్బు, ఫీజు, వీసా. ఆ వరుస మొత్తాన్నీ మోసింది బొగ్గే.

ఒక టబ్బులో ఎంతుంది

వెళ్ళిన మూడో రోజు మధ్యాహ్నం. బయట నలభై నాలుగు డిగ్రీలు. జూన్ మొదటి వారం, ఇంకా వాన పడలేదు. అమ్మ ఏసీ వేయలేదు. నా కోసమే వేయడం లేదని నాకు అర్థమైంది. పిల్లలు నేల మీద తడిబట్ట పరుచుకుని పడుకున్నారు. నేనే లేచి రిమోట్ నొక్కాను. అమ్మ చూసీ చూడనట్టు పప్పు ఏరుకుంటూ కూర్చుంది.

అప్పుడే వాళ్ళ మే నెల కరెంటు బిల్లు అడిగాను. 212 యూనిట్లు. ఏసీ వచ్చాక వచ్చిన అతి పెద్ద బిల్లని నాన్న బాధపడుతూ ఇచ్చాడు. నా ఫోన్‌లో మా ఫ్రిస్కో ఇంటి పోయిన ఆగస్టు బిల్లు తీశాను. 1,640 యూనిట్లు.

పిల్లల నోట్‌బుక్కులో ఒక పేజీ చింపి లెక్క వేశాను. మన దేశంలో థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు రావాలంటే సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, అందుకే అంత. బొగ్గు టబ్బు ఒక్కటి టన్నుకు కాస్త అటూ ఇటూ. అంటే ఒక టబ్బు బొగ్గుతో వచ్చేది దాదాపు 1,400 యూనిట్లు.

కాగితం మీద ఆ అంకె చూసి పెన్ను పక్కన పెట్టాను. ఆ టబ్బుతో మా అమ్మ ఇల్లు, ఏసీతో సహా, ఆరు నెలల పైన నడుస్తుంది. మా ఫ్రిస్కో ఇంటికి ఆగస్టు నెల ఒక్కటీ కూడా గడవదు. నాన్నకు చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "ఇంత కరెంటుతోని ఏంజేస్తరు బిడ్డా?" అని నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. వాషరు, డ్రయ్యరు, డిష్ వాషరు, ఎవరూ లేని గదుల్లో కూడా తిరిగే సెంట్రల్ ఏసీ, గరాజులో రెండో ఫ్రిజ్. చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను.

లెక్క నిజాయితీగా ఉండాలి కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. టెక్సస్‌లో కరెంటు ఎక్కువగా గ్యాస్‌తో వస్తుంది. గాలిమరల కరెంటు కూడా బాగానే ఉంది. అక్కడ యూనిట్‌కు వెలువడే కార్బన్ డయాక్సైడ్ సుమారు 400 గ్రాములు. మన దేశంలో అన్ని రకాల విద్యుత్తూ కలిపి సగటు తీస్తే 700 గ్రాములు దాటుతుంది. మన యూనిట్టే మురికిది. అయినా గుణించి చూడండి. అమ్మా నాన్నలది నెలకు సుమారు 150 కిలోలు, మనిషికి 75. మాది దాదాపు 650 కిలోలు, నలుగురం కాబట్టి మనిషికి 160 పైనే. శుభ్రమైన కరెంటు వాడుతూ కూడా రెట్టింపు కంటే ఎక్కువ.

ఇది కరెంటు మాత్రమే. ఒక గ్యాలన్ గ్యాసోలిన్ కాలితే దాదాపు తొమ్మిది కిలోల కార్బన్ డయాక్సైడ్. మా రెండు కార్లకు నెలకు అరవై గ్యాలన్లు పడుతుంది. నాన్న స్కూటరుకు నెలకు అయిదు లీటర్లు. ఇక ఈ ప్రయాణం సంగతి. డాలస్ నుంచి హైదరాబాదు వచ్చి వెళ్తే మనిషికి రెండు టన్నుల పైనే పడుతుంది. భారతదేశంలో సగటున ఒక మనిషి వాటాకు ఏడాది మొత్తానికి వచ్చేది కూడా సుమారు రెండు టన్నులే. ఏసీ గురించి అమ్మకు నీతి చెప్పిన నేను, ఆమెను చూడటానికి పిల్లలతో వచ్చి ముగ్గురు మనుషుల ఏడాది వాటా ఖర్చుపెట్టాను.

పొగ అంతెందుకు వస్తుందని మా పెద్దమ్మాయి అడిగింది. బొగ్గు ఒక కిలో అయితే పొగ కిలో కంటే ఎక్కువ ఎలా అవుతుందని దాని సందేహం. మంచి సందేహమే. పన్నెండు గ్రాముల కార్బన్ కాలేటప్పుడు గాలిలోంచి ముప్పై రెండు గ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అందుకే నలభై నాలుగు గ్రాములవుతుంది. మన బొగ్గులో కార్బన్ సగం కంటే తక్కువే ఉన్నా, కిలో బొగ్గుకు కిలో పైన వాయువు తప్పదు. తాత టబ్బు నింపిన ప్రతిసారీ ఆకాశంలోకి టబ్బు కంటే బరువైనదే వెళ్ళిందన్నమాట. "మరి తాతయ్య తప్పు చేశాడా?" అంది. "తాతయ్య నింపాడు. ఎవరు వాడుకున్నారో, ఎంత వాడుకున్నారో చూశాక తప్పెవరిదో చెప్దాం" అన్నాను.

మొత్తం వేరు, తలసరి వేరు

అమెరికాలో ఎవరైనా పిల్లల పుట్టినరోజు పార్టీలో ఈ మాట ఎత్తితే ఒకటే వినిపిస్తుంది. చైనా, ఇండియా ఆగకపోతే మనం ఎంత తగ్గించినా లాభం లేదని. అందులో కొంత నిజముంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో మూడో వంతుకు దగ్గరగా చైనాదే. చైనా, అమెరికా తర్వాత మూడో స్థానం భారత్‌ది. మన దేశం 2024-25లో వంద కోట్ల టన్నులకు మించి బొగ్గు తవ్వింది. ఎవరు కాదన్నా గాలికి ఈ లెక్కే తెలుసు.

కానీ ఇంటికి అన్నం వండేటప్పుడు తపేలా పెద్దదా చిన్నదా అని ఒక్కటే చూడం కదా, తినేవాళ్ళు ఎందరో కూడా చూస్తాం. అమెరికాలో తలకు ఏడాదికి సుమారు 14 టన్నులు. చైనాలో 8 పైన, ఇప్పుడది యూరప్ సగటును దాటింది. భారత్‌లో 2. కరెంటు ఒక్కటే తీసుకున్నా, ఇళ్ళూ పొలాలూ ఫ్యాక్టరీలూ అన్నీ కలిపి భారత్‌లో తలసరి వాడకం ఏడాదికి దాదాపు 1,400 యూనిట్లు. గుర్తుందా ఆ అంకె? మా నాన్న టబ్బు. ఒక భారతీయుడి ఏడాది కరెంటు ఒక టబ్బు. అమెరికాలో తలసరి పన్నెండు వేల యూనిట్ల పైమాటే, అంటే ఎనిమిది తొమ్మిది టబ్బులు.

పాత బాకీ కూడా ఉంది. కార్బన్ డయాక్సైడ్ ఒకసారి పైకి వెళ్తే అందులో చాలా భాగం వందల ఏళ్ళు అక్కడే ఉంటుంది. పారిశ్రామిక విప్లవం నాటి నుంచి ఇప్పటిదాకా పోగైన దానిలో దాదాపు నాలుగో వంతు అమెరికాది. భారత్‌ది నూటికి మూడు నాలుగు పాళ్ళు.

ఎదుగుతున్న దేశాలన్నీ ఒకటే దారిలో నడుస్తున్నాయనుకోవడం కూడా పొరపాటే. బ్రెజిల్‌లో కరెంటులో పెద్ద వాటా నదుల మీది జలవిద్యుత్తుది. దక్షిణాఫ్రికా కరెంటు చాలావరకు బొగ్గే. అక్కడ తలసరి ఉద్గారాలు మనకు మూడు రెట్లు. అయినా 2022, 2023లో రోజుకు గంటల తరబడి కోతలు పడ్డాయి. డర్బన్, జోహన్నెస్‌బర్గ్‌లో ఉండే మన పాఠకులకు ఆ చీకట్లు బాగా గుర్తుండే ఉంటాయి. పొగ ఎక్కువున్నంత మాత్రాన వెలుగు ఎక్కువుంటుందని లేదు. ఏ ఇంధనంతో, ఎంత పొదుపుగా, ఎవరికోసం ఎదుగుతున్నాం అన్నదే అసలు సంగతి.

నీళ్ళ మీద పలకలు

నాన్న 2018లో మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ మరుసటి ఏడు ఆయన స్థానంలో తమ్ముడికి ఉద్యోగం వచ్చింది. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడుపుతాడు. వాడు ఒక ఉదయం మమ్మల్ని బయల్దేరదీశాడు. వాడి స్నేహితుడొకడు ఎన్టీపీసీలో కాంట్రాక్టు పని చేస్తాడు. అనుమతి తీసుకుని రిజర్వాయరు గట్టు దాకా తీసుకెళ్ళాడు.

గట్టెక్కి చూస్తే ముందు నీళ్ళు కనిపించలేదు. నీలం పలకల చేను కనిపించింది. వరుసలు వరుసలుగా, మళ్ళు కట్టినట్టు. బొగ్గు ప్లాంటుకు నీళ్ళిచ్చే ఆ రిజర్వాయరు మీదే, సుమారు 500 ఎకరాల మేర, 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు తేలుతోంది. 2022 జులై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. నాలుగున్నర లక్షల పలకలు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తేలే సిమెంటు తెప్పల మీదే ఉన్నాయి. గాలికి కొట్టుకుపోకుండా అడుగున కాంక్రీటు దిమ్మలకు తాళ్ళతో కట్టేశారు. నేల కొనక్కర్లేదు, ఎవరి పొలమూ పోదు. కింద నీళ్ళుండటం వల్ల పలకలు చల్లగా ఉండి కరెంటు కాస్త ఎక్కువిస్తాయి. పైన పలకలుండటం వల్ల నీళ్ళు తక్కువ ఆవిరవుతాయి. ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీళ్ళు ఆదా అని, 1.65 లక్షల టన్నుల బొగ్గు మిగులుతుందని, 2.1 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని అధికారిక లెక్క.

మా చిన్నోడు వంతెన బొమ్మలా ఉందన్నాడు. నాకు మాత్రం సంతోషంతో గొంతు పట్టేసింది. నేను పుట్టిన ఊళ్ళో, అదే నీళ్ళ మీద, పొగ లేని కరెంటు.

కాని తలెత్తితే అవతల చిమ్నీలు. నోట్‌బుక్కు కాగితం ఇంకా బ్యాగులోనే ఉంది. ఆ 2,600 మెగావాట్ల ప్లాంటు మామూలుగా నడిస్తే, నా లెక్కన, ఏడాదికి కోటిన్నర టన్నుల దరిదాపుల్లో వదులుతుంది. ఈ తేలే ప్లాంటు తగ్గించేది రెండు లక్షల టన్నులు. వందలో ఒకటిన్నర కూడా కాదు. ఆనందం తగ్గలేదు గాని, పని ఎంత మిగిలుందో కళ్ళకు కట్టింది.

ఇంకో చిక్కు ఉంది. అమ్మ ఏసీ వేసేది రాత్రి పదికి. ఆ వేళకు పలకలన్నీ నిద్రపోతుంటాయి. 2025లో మన దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ వంటివి కానిదైందని మనమందరం వాట్సాప్‌లో పంచుకున్నాం. అది నిజమే. అయినా దేశంలో వాస్తవంగా తయారయ్యే కరెంటులో నూటికి డెబ్భై పాళ్ళ పైన ఇంకా బొగ్గుదే. పలక పగలు కొన్ని గంటలే పనిచేస్తుంది, బాయిలర్ రాత్రంతా మండుతుంది. ఈ తేడా పూడాలంటే పగటి కరెంటును రాత్రికి దాచాలి. దానికి కర్నూలు వైపు పిన్నాపురంలో చేస్తున్న పద్ధతి మన ఇంటి మీది ట్యాంకు లాంటిదే. ఎండ ఉన్నప్పుడు ఆ కరెంటుతో నీళ్ళను పై రిజర్వాయరుకు ఎక్కిస్తారు. చీకటి పడ్డాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇలాంటివి చాలా రావాలి, బ్యాటరీలు చవక కావాలి. అప్పుడు అమ్మ ఏసీ ఎండతో నడుస్తుంది.

తమ్ముడి ప్రశ్న

తిరిగి వచ్చేటప్పుడు టీ కొట్టు దగ్గర ఆగాం. తమ్ముడు గ్లాసు తిప్పుతూ అడిగాడు. "అక్కా, ఆ నీళ్ళ మీద పలకలు తుడవనీకి ఎంతమంది కావాలె?"

నేను జవాబు చెప్పలేదు. వాడే అన్నాడు. "మన చిన్నప్పుడు సింగరేణిల లక్ష మందికి పైన ఉంటుండె. ఇప్పుడు నలభై వేలు. బాయిలు పోయి ఓసీపీలు అచ్చినయ్. మిషిన్లు తవ్వుతున్నయ్. బొగ్గు ఎక్కువే వెళ్తున్నది, మనుషులే తక్కువైన్రు. రేపు బొగ్గు కూడ బంద్ చెయ్యాలంటరు. మంచిదే. మరి మేమెటు పోవాలె?"

వాడికి ముప్పై ఒకటి. రిటైర్మెంటు అరవై ఒకటికి, అంటే 2055. దేశం నికర ఉద్గారాలను సున్నాకు తెస్తానని 2021లో గ్లాస్గోలో చెప్పిన గడువు 2070. కాగితం మీద వాడి నౌకరికి ఢోకా లేదు. కానీ వాడి కొడుక్కి అయిదేళ్ళు. మా ఇళ్ళల్లో 'తండ్రి తర్వాత కొడుకు' అనే నమ్మకం మీదే పెళ్ళిళ్ళు కుదురుతాయి, చిట్టీలు వేస్తారు, ఇళ్ళు కడతారు. ఆ నమ్మకం ఎక్కడో ఒక తరం దగ్గర తెగుతుంది.

తెగితే ఎట్లా ఉంటుందో మా ఊరికి తెలుసు. రామగుండంలో బొగ్గుతో ఎరువులు చేసే కర్మాగారం 1999లో మూతపడింది. నాకప్పుడు పదకొండేళ్ళు. నా పక్క బెంచీలో కూర్చునే అమ్మాయి నాన్న అక్కడే పనిచేసేవాడు. కొన్నాళ్ళకు వాళ్ళు సామాను లారీకెక్కించి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు తన స్కెచ్ పెన్నుల డబ్బా నాకిచ్చింది. మళ్ళీ ఎక్కడా కలవలేదు. కాలనీలో ఇళ్ళకు తాళాలు పడ్డాయి, గోడల మీద రావి మొక్కలు మొలిచాయి. అదే చోట సహజవాయువుతో నడిచే కొత్త ఎరువుల కర్మాగారం మొదలైంది 2021లో. రెండు దశాబ్దాల పైన పట్టింది. ఇంధనం మారడం మంచిదే. మధ్యలోని ఆ ఇరవై రెండేళ్ళు ఆ కుటుంబాలు ఎట్లా బతికాయన్నది ఏ కార్బన్ లెక్కలోనూ రాదు.

అందుకే నాకు అర్థమైంది ఒక్కటే. మా అమ్మ ఏసీ ఆపేయమనడం పరిష్కారం కాదు. నలభై ఆరు డిగ్రీల ఎండలో అరవై దాటిన మనిషికి అది విలాసం కాదు, మందులాంటిది. పొగ తగ్గాల్సింది నిజమే. తగ్గించడం ఎనిమిది తొమ్మిది టబ్బులు వాడేవాళ్ళతో మొదలు కావాలి. ఒక టబ్బు వాడేవాళ్ళు రెండో టబ్బుకు ఎదిగే హక్కు ఉంది. ఆ రెండో టబ్బు బొగ్గుతో కాకుండా ఎండతో, గాలితో, దాచిన నీళ్ళతో నిండాలి. అలా నింపే పనిలో ఇన్నాళ్ళూ మొదటి టబ్బు నింపినవాళ్ళ పిల్లలకు చోటుండాలి. శిక్షణ ఇప్పటినుంచే మొదలు కావాలి, మూతపడిన తర్వాత కాదు. తమ్ముడికి ఇదే చెప్పాను. "చెప్పుడు అల్కగనె ఉన్నది" అన్నాడు. నిజమే.

ఫ్రిజ్ మీది బిల్లు

వచ్చేముందు రెండు పనులు చేశాను. ఇంట్లోని నాలుగు పాత ఫ్యాన్లు తీయించి, కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయించాను. పాతవి డెబ్భై వాట్లకు పైగా తింటే ఇవి ముప్పై దగ్గర ఉంటాయి. డాబా మీద తెల్లటి చలువ పెయింటు వేయించాను. ఎండ వెనక్కి పోతుంది, పడకగది స్లాబు రాత్రి సెగలు కక్కదు. ఏసీ ఇరవై ఆరు మీద పెట్టి ఫ్యాన్ కలిపి వేసుకోమన్నాను. ఈసారి అమ్మకు కోపం రాలేదు. ముందు నేను నా బిల్లు చూపించాను కదా.

చివరి రాత్రి పిల్లలూ నేనూ అమ్మ గదిలోనే పడుకున్నాం. ఏసీ సన్నగా నడుస్తోంది. "ఆనాడు అట్ల అన్నందుకు ఏమనుకోకమ్మా" అన్నాను చీకట్లో. అమ్మ నా మీద దుప్పటి సర్దుతూ "నువ్వెప్పుడన్నవ్? నాకు యాదికే లేదు" అంది. బాగా యాదుందని ఆ చేతికి తెలుసు.

ఫ్రిస్కో వచ్చాక థర్మోస్టాట్ డెబ్భై రెండు నుంచి డెబ్భై ఎనిమిదికి మార్చాను. మా వారు రెండు రోజులు గొణిగి అలవాటుపడ్డారు. గరాజులోని రెండో ఫ్రిజ్ తీసేశాం. బయట తీగ కట్టనివ్వరు కాబట్టి లోపలే స్టాండు మీద బట్టలు ఆరేస్తున్నాను. టెక్సస్ గాలికి గంటల్లో ఆరిపోతున్నాయి. ఈ ఆగస్టు బిల్లు 1,190 యూనిట్లు. గొప్ప త్యాగమేమీ లేదు, శాలువా పెట్టెలోకి వెళ్ళిందంతే. అయినా ఒక్క నెలలో 450 యూనిట్లు మిగిలాయి. అమ్మా నాన్నలకు రెండు నెలల కరెంటు.

అమ్మ వాళ్ళ మే నెల బిల్లు ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. దాని కింద మా పెద్దమ్మాయి ఒక టబ్బు బొమ్మ గీసి లోపల 1,400 అని రాసింది. ప్రతి నెలా మా బిల్లు రాగానే టబ్బు నిండిందా, వెలితిగా ఉందా అని రంగు వేస్తుంది. పోయిన వారం అమ్మ వీడియో కాల్‌లో అది చూసి నాన్నను పిలిచింది. నాన్న కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి వంగి చూశాడు.

"బొమ్మ మంచిగుంది గని, టబ్బుకు చక్రాలు మరిచింది" అన్నాడు.